వెనక చేతి బరువు

అలల మీద తోలే తెరచాపను ఒడ్డున చూసి కొన్నవాడు మోసపోతాడు. డెల్బర్ట్ కబ్రాల్ తన దుకాణానికి వచ్చిన ప్రతి మనిషికీ ఈ మాట ముందే చెప్పేవాడు. చెప్పి, ఆ తర్వాత తెరచాప అమ్మేవాడు.

ఒడ్డున ఏ తెరచాపైనా అందంగానే ఉంటుంది. నిలువు కర్రకు, అంటే మాస్టుకు, తొడిగి కింది తాడు బిగిస్తే చాలు, గాలి నింపుకుని బోర విరుచుకుని నిలబడుతుంది. దాని గుణం బయటపడేది నీళ్ళలోకి వెళ్ళాకే. మనిషి సన్నటి పలక మీద నిలబడి, తెరచాపకు అడ్డంగా ఉండే బూమ్‌ను రెండు చేతులా పట్టుకుని, ఎదురొచ్చే అలల నురగను చీల్చుకుంటూ లోపలికి పోవాలి. అప్పుడు తెరచాప బలంగా లాగాలి. లోపలికి పోయి, ఒక అలను ఎంచుకుని, దాని మీదికెక్కి ఒడ్డు వైపు తిరిగాక అదే తెరచాప ఇక లాగకూడదు. అప్పుడు పలకను తోసేది అల. తెరచాప చేతిలో ఉందా లేదా అన్నట్టు ఊరుకోవాలి. అల నెత్తి మీంచి పలక గాల్లోకి లేచిన క్షణాన మళ్ళీ ప్రాణం తెచ్చుకోవాలి. పిలిస్తే రావాలి, వద్దంటే తప్పుకోవాలి. అలాంటి పనివాడు ఏ వ్యాపారంలోనూ సులువుగా దొరకడు. డెల్బర్ట్ అలాంటివాణ్ణి గుడ్డతో, పారదర్శకపు షీటుతో, నాలుగు బద్దలతో కుట్టి తయారు చేసేవాడు.

అతని దుకాణం హవాయీలో, మావి దీవిలోని హైకూలో, మూతపడ్డ అనాసపళ్ళ ఫ్యాక్టరీలో ఒక పొడవాటి గది. ఒకప్పుడు హోకిపా తీరంలో ఎగిరే తెరచాపల్లో చాలావాటికి అతని కుట్టే ఉండేది. ఇప్పుడు జనం చేత్తో పట్టుకునే గాలిరెక్కల మీదికి మళ్ళారు. వాటికి మాస్టు అక్కర్లేదు, బూమ్ అక్కర్లేదు, డెల్బర్ట్ అంతకన్నా అక్కర్లేదు. పక్క గదిలో ఆ రెక్కలు అమ్మేవాడు గోడ తీసేసి ఇటు కూడా కలుపుకుందామని యజమానిని అడుగుతున్నాడు. డెల్బర్ట్‌కు ఆ సంగతి తెలుసు. వాడి స్థానంలో ఉంటే తనూ అడిగేవాడు.

ఈ చలికాలం అతని దుకాణం బతుకంతా ఒక్క తెరచాప మీదికి వచ్చింది. అమెరికా ప్రధాన భూభాగంలో ఒక కంపెనీ, వచ్చే ఏటి సరుకులో అలల తెరచాపను బయటివాళ్ళ కోతతో, అంటే వాళ్ళు గుడ్డ కత్తిరించే నమూనాతో, చేయించుకోవాలనుకుంది. డెల్బర్ట్ ఒకటి కుట్టి పంపుతానన్నాడు. పంపక్కర్లేదు, హోకిపాలో కవికా చేత తోలిస్తాం, అతను బాగుందంటే తీసుకుంటాం అన్నారు. కవికా సరే అంటే దుకాణం నిలుస్తుంది. కాదంటే గోడ పోతుంది.

కవికా ఆ ఒడ్డునే పెరిగిన హవాయీవాడు. మనిషి ఏనుగు పిల్లలా ఉంటాడు. పోటీల్లో గెలిచినా, ఓడినా, తిండి దగ్గర మాత్రం ఒక్కలాగే ఉంటాడు.

ఉదయమంతా ఆ తీరం పలకల మీద పడుకుని అలలెక్కేవాళ్ళది. పదకొండు దాటాకే తెరచాపలు దిగాలి. ఆ రోజు డెల్బర్ట్ గడ్డి మీద తెరచాప తొడుగుతుంటే కవికా వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

“అంకుల్, ముసుబి తెచ్చారా? ఖాళీ కడుపుతో నేను ప్రాణాలకు తెగించను.”

“రెండు తెచ్చాను. ఒకటి ఇప్పుడు, ఒకటి బతికొస్తే.”

“రాకపోతే?”

“రాకపోతే నేను తింటాను. పారేస్తామా?”

కవికా నవ్వుతూ ఆ ముసుబి అన్నం ముద్దను నోట్లో కుక్కుకుని, తెరచాపను నెత్తిన పెట్టుకుని, ఎండకు పడుకున్న తాబేళ్ళను తప్పించుకుంటూ దిగిపోయాడు. డెల్బర్ట్ గట్టు మీద కంచె దగ్గర నిలబడ్డాడు. మోకాళ్ళు పాడైనప్పటి నుంచీ అతనిది ఆ చోటే.

చాలా ఏళ్ళు అతను అక్కడ నిలబడింది మోమి కోసం. మోమి అతని భార్య. అతను కుట్టిన ప్రతి తెరచాపనూ మొదట నీళ్ళలోకి తీసుకెళ్ళింది ఆవిడే. సన్నటి మనిషి, పొడవాటి చేతులు. అలను చూసి కాదు, విని ఎక్కుతుందని ఒడ్డున చెప్పుకునేవారు. వాళ్ళిద్దరి మధ్యా ఒక నియమం ఉండేది. పెట్టింది డెల్బర్టే. తోలి వచ్చిన మనిషి తెరచాప కింద పెట్టి, నీళ్ళు తాగి, తనంతట తాను నోరు విప్పేదాకా ఏమీ అడగకూడదు. విప్పాక తెరచాప ఏం చేసిందో చెప్పాలి గాని, తనకేమైందో చెప్పకూడదు. నిద్ర చాలలేదనీ, కాలు పట్టేసిందనీ మొదలుపెడితే తెరచాప తప్పేదో మనిషి తప్పేదో తేలదు. బేరంలో రెండు సరుకులు కలిపి తూచకూడదని అతని వాదన. మోమి ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు.

“వెనక చెయ్యి బరువుగా ఉంది,” అనేది. అంతే. డెల్బర్ట్ వెళ్ళి తెరచాప పొట్టను, గాలికి ఎక్కువగా ఉబ్బే చోటును, కొంచెం ముందుకు జరిపేవాడు. పొట్ట మాస్టు వైపు జరిగితే, బూమ్ మీద మాస్టుకు దూరంగా ఉండే ఆ వెనక చేతికి లాగుడు తగ్గుతుంది.

రెండేళ్ళ క్రితం ఆవిడ ఇక సముద్రం చాలంది. కూలాలో, కొండ మీద, పూలూ ఉల్లిపాయలూ పండించే తన పిన్నిగారి తోటకు వెళ్ళిపోయింది. గొడవేమీ జరగలేదు. కొన్నాళ్ళు ఉండొస్తుందనుకున్నాడు. రాలేదు. అతను కారణం అడగలేదు. మనిషి తనంతట తాను చెప్పేదాకా అడగకపోవడం అప్పటికి అలవాటైపోయింది. అప్పటినుంచీ ఆవిడ చివర బాగుందన్న కోతనే నమ్ముకుని కుడుతున్నాడు. కంపెనీ కోసం కుట్టిందీ అదే.

నీళ్ళలో కవికా మొదటి అల మీద బాగానే తిరిగాడు. తెరచాప అతని చేతిలో ఈకలా వాలింది, లేచింది. డెల్బర్ట్ గుండె కాస్త కుదుటపడింది. కానీ మళ్ళీ లోపలికి పోయేటప్పుడు రెండు అలల మధ్య గాలి పలచబడ్డ చోట పలక కూరుకుపోయింది. కవికా తెరచాపను ఒళ్ళంతా ఊపి పిలిచాడు. అది కదిలింది గాని లాగలేదు. ఎదురుగా అల లేచింది. మళ్ళీ ఊపాడు. అల విరిగి మీద పడింది. మనిషీ తెరచాపా కలిసి నురగలో దొర్లుకుంటూ వెళ్ళి రాళ్ళ మీద పడ్డారు.

పైకి వచ్చేసరికి కవికా పాదం నుంచి రక్తం కారుతోంది. తెరచాప పై భాగం నిలువునా చీలింది. దాన్ని కింద పెట్టి, సీసాడు నీళ్ళు తాగాడు. డెల్బర్ట్ ఏమీ అడగలేదు.

“ముందు ఆ రెండో ముసుబి ఇవ్వండి,” అన్నాడు కవికా. సగం తిన్నాక చెప్పాడు. “వదలడంలో దీన్ని మించింది లేదు అంకుల్. అల మీద అసలు చేతిలో ఏమీ లేనట్టే ఉంది. కానీ పిలిస్తే రాదు. రాళ్ళ ముందు చూశారుగా? నేను అరిచి చస్తుంటే అది దుప్పటి కప్పుకుని పడుకుంది.”

“వెనక చెయ్యి?”

“దానికి పనే లేదు. పోయినేడు నా భుజం జారినప్పుడు ఇది దొరికుంటే మీ కాళ్ళ మీద పడేవాణ్ణి. నిజం చెప్పండి, ఏ అవిటి భుజం కోసం కోశారు దీన్ని?”

పాపం, వేళాకోళానికే అన్నాడు. అని, డెల్బర్ట్ ముఖం చూసి నమలడం ఆపాడు. వీటిని ఇన్నేళ్ళూ తోలిందెవరో ఆ ఒడ్డున తెలియనివాళ్ళు లేరు.

“నేనేదో వాగాను అంకుల్.”

“లేదు. నీళ్ళు తాగాకే కదా చెప్పావు.”

“కంపెనీవాడు వచ్చే వారం వస్తున్నాడు. ఉత్తరం నుంచి పెద్ద అలలు కూడా అప్పుడే. ఈలోపల ఏదైనా చెయ్యండి. నేను వాడికి అబద్ధం మాత్రం చెప్పను.”

“చెప్పమని అడగను,” అన్నాడు డెల్బర్ట్.

ఆ మధ్యాహ్నమే దుకాణంలో అటక మీంచి పాత తెరచాపలన్నీ దించాడు. ప్రతి ఏటి కోతలో ఒకటి అమ్మకుండా ఉంచుకోవడం అతని పద్ధతి. వాటిని వయసు వరుసన చెక్కనేల మీద ఒకదాని మీద ఒకటి, మాస్టు అంచులు కలిపి పరిచాడు. చెప్పులు విప్పి మధ్యలో కూర్చుని, కుట్టు కుట్టునూ వేలితో తడుముతూ పొట్ట ఎక్కడుందో చూశాడు.

మొదటి వాటిలో పొట్ట బూమ్ నడిమికి దగ్గరగా, లోతుగా ఉంది. తర్వాత కొన్నేళ్ళు కదల్లేదు. ఆ తర్వాత ఒక ఏడు కొంచెం ముందుకు. పై ఏడు ఇంకొంచెం. అక్కణ్ణించి ఆగలేదు. ముందుకు జరుగుతూ, పలచనవుతూ వచ్చి, చివరిదాంట్లో మాస్టును ఆనుకుని, ఉందో లేదో తెలియనంతగా మిగిలింది.

ఈ జరుగుడు అతనికి తెలియనిది కాదు. తన చేత్తో జరిపిందే. పైగా దాన్ని గుణంగా చెప్పి అమ్మాడు. ‘చేతికి తేలిక’ అని గోడ మీద రాయించాడు కూడా. మొదట్లో ఆ తేలికకు గిరాకీ వచ్చింది. తర్వాత బరువైన మగవాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేశారు. గాలిరెక్కల వల్ల అనుకున్నాడు. వ్యాపారం తగ్గితే కారణాలు వెతకడంలో అతను గట్టివాడు. బయటి కారణాలన్నీ వెతికాడు. తన గుడ్డ మీద తన చేత్తో వేసిన కుట్టే సమాధానం చెబుతుంటే మాత్రం చూడలేదు. తెరచాప మెరుగవుతోందనుకున్నాడు. అక్కడ ఒక మనిషి భుజం అరిగిపోతోంది.

మర్నాడు ట్రక్కు తీసుకుని కూలాకు వెళ్ళాడు. పైకి వెళ్ళేకొద్దీ చలి. యూకలిప్టస్ చెట్లు దాటాక పొగమంచు. మోమి షెడ్డు ముందు, కోసిన పూలను బకెట్లలో సర్దుతోంది. నీళ్ళ బకెట్టును ఎడమచేత్తో ఎత్తి బల్ల మీద పెట్టింది. కుడిచెయ్యి నడుము దగ్గరే ఉండిపోయింది.

“ఏం డెల్, కొండెక్కావు? దారి తప్పావా?”

“ఉల్లిపాయలు కావాలి.”

“కింద పాయియాలో కూడా అమ్ముతారు. ఇక్కడికంటే చవక.”

“అందుకే అక్కడ కొనలేదు. చవకైనవి మంచివి కావు.”

మోమి నవ్వింది. వాడిన ఆకులు గిల్లుతూనే ఉంది. అతను బల్లకు ఇవతల నిలబడ్డాడు. ఆవిడ కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

“భుజం ఎన్నాళ్ళనుంచి?” అన్నాడు.

గిల్లడం ఆగింది. “ఎవరు చెప్పారు?”

“సెయిళ్ళు. అన్నీ కింద పరిచి చూశాను.”

“అవును, నీతో మాట్లాడేవి అవే కదా.” మళ్ళీ గిల్లడం మొదలుపెట్టింది. “పక్కింటి అలాని పెళ్ళయిన ఏడు. రాళ్ళ మీద పడ్డాను చూడు, అప్పుడు. తగ్గుతుందిలే అనుకున్నా. తగ్గలేదు.”

“అప్పటినుంచా? నాకు చెప్పలేదేం?”

“ఏమని చెప్పాలి? సెయిల్ ఏం చేసిందో చెప్పు, నీకేమైందో చెప్పకు. రూలు నీదా నాదా?”

“అది సెయిల్ సంగతి తేలడానికి మోమి.”

“తేలిందిగా. వెనక చెయ్యి బరువుగా ఉందన్నాను. ఉంది. అబద్ధమా?”

అబద్ధం కాదు.

“చెప్పి ఉంటే ఏం చేసేవాడివి?” అంది మోమి. “నిజం చెప్పు. అమ్మేటప్పుడు చెప్పే నిజం కాదు.”

డెల్బర్ట్ ఆవిడతో ఎన్నడూ బేరానికి అబద్ధమాడలేదు, ఇప్పుడు మొదలుపెట్టడంలో అర్థం లేదు.

“ఇంకొకరిని పెట్టేవాణ్ణి.”

“అదే కదా. పెడితే సాయంత్రాలు గట్టు మీద వాళ్ళ కోసం నిలబడేవాడివి. నేను ఇంట్లో కూర్చుని అన్నం వండుతూ నీ ట్రక్కు చప్పుడు వినేదాన్ని. నువ్వు లోపలికొచ్చి ఆ రోజు అమ్ముడుపోయింది చెప్పేవాడివి.” బకెట్టును కొంచెం పక్కకు జరిపింది. “నువ్వు నన్ను చూసేది నేను నీళ్ళలో ఉన్నప్పుడే డెల్. అందుకని చేతనైనంతకాలం నీళ్ళలో ఉన్నాను.”

పొగమంచు షెడ్డులోకి వచ్చింది. డెల్బర్ట్ అన్నిటికీ ఒక ధర పలకగలడు. దీనికి పలకలేకపోయాడు.

“వచ్చే వారం కవికా కొత్తది తోలుతాడు,” అన్నాడు చివరికి. “వచ్చి చూడకూడదూ? గట్టు మీంచి.”

“ఆ కొత్తదాంట్లో పొట్ట వెనక్కి పెడుతున్నావా?”

“పెట్టాలి. లేకపోతే దుకాణం పోతుంది.”

“పెట్టు మరి. బాగుంటుంది.” తలెత్తలేదు. “నేను రాను. నా చెయ్యి ఓర్చుకోలేని సెయిల్ నేను చూసి ఏం చెప్పాలి?”

ఉల్లిపాయలు ఎడమచేత్తో సంచీలో పోసి ఇచ్చింది. డబ్బు తీసుకుంది. చిల్లర కూడా లెక్కగా ఇచ్చింది. బయటివాళ్ళకు ఇచ్చినట్టే.

ఆ వారమంతా డెల్బర్ట్ దుకాణం తలుపులు మూసుకుని పనిచేశాడు. చీలిన ముక్క తీసేసి కొత్తది వేశాడు. తర్వాత కుట్లు విప్పడం మొదలుపెట్టాడు. ప్రతి కుట్టులోనూ ఒక ఏటి మాట ఉంది. వెనక చెయ్యి బరువుగా ఉంది, ఇంకొంచెం తగ్గించు, ఇంకొంచెం. ఇన్నాళ్ళూ ఆ మాటలను సరుకు మాటలనుకుని కుట్టాడు. ఇప్పుడు మనిషి మాటలని తెలిసి విప్పుతున్నాడు. తెలిసినందువల్ల పని సులువు కాలేదు, ఆగనూ లేదు. పొట్టను బూమ్ నడిమికి తెచ్చాడు. కిందివైపు లోతు పెంచాడు. వెనక అంచు పైభాగం మాత్రం వదులుగానే ఉంచాడు, గాలి ఎక్కువైనప్పుడు అక్కడినుంచి జారిపోవడానికి. ఇలా చాలునా అని అడగడానికి ఎవరూ లేరు. ద్వారం దగ్గర వేలాడదీసి, వచ్చే గాలికి పట్టి, తన రెండు అరచేతులతో తోసి చూసుకున్నాడు.

అలల రోజు వచ్చింది. గట్టు మీద జనం, కెమెరాలు. కంపెనీవాడు కొత్త టోపీ పెట్టుకుని కంచె దగ్గర నిలబడ్డాడు. చెయ్యి కలిపి ఏదో అన్నాడు, గాలికి వినపడలేదు. కవికా తెరచాపను తిరగేసి చూసి డెల్బర్ట్‌కు కన్ను గీటాడు.

“కోపంగా ఉంది అంకుల్ ఇది. ఏమన్నారు దీన్ని?”

“ఏమీ అనలేదు. పో.”

ఒడ్డు వదిలిన మరుక్షణమే తేడా తెలిసింది. తెరచాప గాలిని ఒడిసి పట్టి పలకను నీళ్ళ మీదికి లేపింది. మొదటి నురగ గోడను కవికా తన్నుకుని దాటాడు. రెండోదాని మీంచి గాల్లోకి లేచి, తెరచాపను తల కిందికి లాక్కుని, మెత్తగా దిగాడు. మొన్న కూరుకుపోయిన చోటే మళ్ళీ గాలి పలచబడింది. డెల్బర్ట్ కంచెను గట్టిగా పట్టుకున్నాడు. కవికా ఒక్కసారి ఊపాడు. తెరచాప ఠక్కున నిండి లాగింది. ఎదురొచ్చిన అల అతను దాటాకే వెనక విరిగింది.

దూరంగా, అలల వరుసలో పెద్దదాన్ని ఎంచుకున్నాడు. దాని వాలు మీద జారుతూ అడుగుకు వచ్చి, ఒళ్ళంతా నీళ్ళ మీదికి వాల్చి తిరిగాడు. ఇక్కడే తెరచాప వదలాలి. వదిలింది, అయితే మునుపటిలా ప్రాణం పోయి కాదు. కవికా వెనక చెయ్యి బిగించి దాన్ని పడుకోబెట్టాడు, పడుకుంది. ఆ బిగింపు ఒడ్డుకు కూడా కనిపించింది. మోచెయ్యి, భుజం, మెడ నరాలు. ఎక్కి, అల నెత్తిన విరుగుతున్న అంచును కొట్టి, నురగతో పాటు గాల్లోకి లేచాడు. తెరచాప మళ్ళీ నిండి అతన్ని అల ముందుకే దించింది. గట్టు మీద జనం కేకలు వేశారు. కంపెనీవాడు టోపీ తీశాడు.

డెల్బర్ట్ కేక వేయలేదు. చూడటం మాత్రం ఆపలేదు. ఆ తెరచాప కింద ఉన్న మనిషి ఎవరో అతనికి పట్టడం లేదు. ఆ వెనక చేతినే చూస్తున్నాడు.

కవికా పైకి వచ్చి, తెరచాప గడ్డి మీద పెట్టి, నీళ్ళు తాగాడు. కుడిచెయ్యి విదిలించాడు.

“చెయ్యి పడిపోయింది. కానీ ఇది సెయిల్. పిలవకముందే వస్తోంది అంకుల్.” కంపెనీవాడి వైపు తిరిగాడు. “ఆలోచించక్కర్లేదు. తీసుకోండి.”

తీసుకున్నారు. నాలుగు సైజుల్లో కోతలు కావాలన్నారు, కాగితాలు సోమవారానికి వస్తాయన్నారు. డెల్బర్ట్ అడగవలసిన ధర అడిగాడు, తగ్గించమంటే తగ్గించలేదు. గోడ పోదు. కవికా స్నేహితులు ట్రక్కులెక్కుతూ హారన్లు కొడుతున్నారు.

“పాయియా వెళ్తున్నాం, రండి అంకుల్. బీరు కంపెనీ ఆయనది, తిండి మీది.”

“నీ తిండి పెడితే ఈ కంట్రాక్టు మిగలదు. మీరు పదండి. దీన్ని చుట్టి వస్తాను.”

రాడని కవికాకు తెలుసు. ఇంకోసారి పిలవబోయి, భుజం తట్టి వెళ్ళిపోయాడు.

గట్టు ఖాళీ అయింది. డెల్బర్ట్ ఫోను తీసి మోమి పేరు దాకా వెళ్ళాడు. ఏం చెప్పాలి? బాగుంది, నువ్వన్నట్టే. కవికా అంతటివాడి చెయ్యి కూడా పడిపోయింది. మంచి వార్తే. ఎవరికి చెప్పినా మంచి వార్తే. ఆ ఒక్క మనిషికి మాత్రం దాన్ని ఎలా చెప్పాలో తెలియలేదు. ఫోను జేబులో పెట్టుకున్నాడు.

మాస్టు లాగి, బద్దలు వదులు చేసి, తెరచాపను గడ్డి మీద పరిచాడు. గాలిలో ఇంత పెద్ద గుడ్డను చుట్టడానికి ఇద్దరుండాలి, చెరో అంచునా ఒకరు. అతను పై అంచు మీద మోకాళ్ళూని, నొప్పికి పళ్ళు బిగించి చుట్టడం మొదలుపెట్టాడు. అవతలి అంచు లేచి కొట్టుకుంది. పాకుతూ వెళ్ళి దాన్ని అదిమితే ఇవతలిది విప్పుకుంది. ఎవరో యాత్రికుడు కారు కిటికీ దించి, “సాయం పట్టనా?” అని అరిచాడు.

“వద్దు, అయిపోయింది,” అన్నాడు.

అయిపోలేదు. మళ్ళీ మొదటినుంచి చుట్టాడు. ఈసారి కూడా వంకరగానే వచ్చింది. అలాగే సంచీలోకి దూర్చి, ట్రక్కు వెనక ఉల్లిపాయల పక్కన పడేసి, తాడు కట్టాడు.